గుడి హాల్లో గడిపిన గంటలు ఏ పద్దులో రాయాలి?

(ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న తెలుగు నర్సుల సమావేశంలో ఒక సీనియర్ నర్సు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. నైట్ డ్యూటీ దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారని మీ కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. మీకు ముందుగా కృతజ్ఞతలు. మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను.

పోయిన నెల ఒక చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, నాకు రివాలిడేషన్ దగ్గరపడింది. గుడిలో హెల్త్ క్యాంపుకి నాలుగుసార్లు వచ్చాను కదా, ఆ గంటలన్నీ సీపీడీలో వేసుకోవచ్చా?" అని అడిగింది. కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను, రివాలిడేషన్ అంటే నర్సుగా మన రిజిస్ట్రేషన్ నిలుపుకోవడానికి చేసే రెన్యూవల్, సీపీడీ అంటే ఉద్యోగంలో చేరాక కూడా వృత్తి కోసం నేర్చుకుంటూ ఉండటం. వేసుకోవచ్చనో వద్దనో ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. "నీ క్యాంపు గంటల్లో కొన్ని ఒక పద్దులోకి వెళ్తాయి, కొన్ని ఇంకో పద్దులోకి వెళ్తాయి, కొన్ని ఎందులోకీ వెళ్ళవు" అన్నాను. ఆ పిల్ల ఇంకా కంగారుపడింది. అప్పుడే అనిపించింది, ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు, అందరం కూర్చుని మాట్లాడుకోవాలని.

ముందు లెక్క చూద్దాం. ఎన్ఎంసీ అంటే ఇండియాలో డాక్టర్ల కమిషన్ గుర్తొస్తుంది, నేను చెప్పేది ఇక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ గురించి. మన పిన్, అంటే రిజిస్ట్రేషన్ నంబరు, నిలబడాలంటే మూడేళ్ళకోసారి వాళ్ళకు చూపించాల్సినవి మీకు తెలుసు. 450 గంటల ప్రాక్టీస్, 35 గంటల సీపీడీ, అందులో కనీసం 20 గంటలు పార్టిసిపేటరీ, అంటే మరో ప్రొఫెషనల్‌తో కలిసి నేర్చుకున్నవి. ఐదు ఫీడ్‌బ్యాక్‌లు, ఐదు రిఫ్లెక్టివ్ అకౌంట్లు (జరిగినదాని నుంచి ఏం నేర్చుకున్నామో రాసే కాగితాలు), వాటి మీద మరో రిజిస్టర్డ్ నర్సుతో కూర్చుని మాట్లాడటం, ఇండెమ్నిటీ (పనిలో పొరపాటు జరిగితే పరిహారం భరించే బీమా), హెల్త్ అండ్ క్యారెక్టర్ డిక్లరేషన్, చివరికి ఇవన్నీ చూసి సరేననే కన్ఫర్మర్ సంతకం.

ఈ పద్ధతి 2016 ఏప్రిల్‌లో మొదలైంది. అంతకుముందు కూడా 450 గంటలు, 35 గంటలు ఉండేవి. కొత్తగా వచ్చింది రాయడం, మాట్లాడటం. మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆస్పత్రిలో పేషెంట్లను పట్టించుకోని తీరు మీద విచారణ జరిపిన లాయర్ రాబర్ట్ ఫ్రాన్సిస్ 2013లో ఇచ్చిన రిపోర్టు చదివినవాళ్ళకు ఇది ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. నర్సులకు రివాలిడేషన్ ఉండాలన్నది ఆ రిపోర్టు చేసిన సిఫార్సుల్లో ఒకటి. డ్యూటీకి రావడం వేరు, చేస్తున్న పని గురించి ఆలోచించడం వేరు అని అక్కడి పేషెంట్ల ప్రాణాల మీదుగా తెలిసింది. అందుకని నాకు ఈ ఫారాల మీద కోపం లేదు. వాటిని ఎలా నింపుతున్నామన్న దాని మీదే నా బాధంతా.

నా సంగతే చెబుతాను. నేను 2018లో ఇక్కడికి వచ్చాను. 2021లో మొదటి రివాలిడేషన్. ఆ ఏడాది జనవరి నుంచి సెలవు దొరికిన ప్రతి వారం కోవిడ్ వ్యాక్సిన్ సెంటర్లో వాలంటీర్‌గా పనిచేశాను. సగం రోజులు కార్ పార్కింగ్ దగ్గర నిలబడి లైన్లు సర్దాను. సగం రోజులు టీకా వేసుకున్నవాళ్ళను పదిహేను నిమిషాలు కూర్చోబెట్టే గదిలో ఉన్నాను. మొత్తం నలభై గంటలు. సీపీడీ కాగితంలో "వాలంటీరింగ్, 40 గంటలు" అని ఒకే వరుసలో రాసి మా మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చదివి, చాలా మెత్తగా, "నలభై గంటల్లో ఏం నేర్చుకున్నావు?" అని అడిగారు.

నాకు నోట మాట రాలేదు. చలిలో నిలబడ్డాను, ముసలివాళ్ళ చెయ్యి పట్టుకుని నడిపించాను, మంచి పని చేశాను. కానీ ఏం నేర్చుకున్నానన్న దానికి నా దగ్గర జవాబు లేదు. నేర్చుకోలేదని కాదు. ఎక్కడా రాసిపెట్టుకోలేదు, ఆరు నెలల తర్వాత ఏదీ గుర్తు లేదు. ఆవిడ ఆ వరుస కొట్టేయమన్నారు. టైమ్ ఉంది కాబట్టి మిగతా కోర్సులతో ముప్పై ఐదు నింపగలిగాను గానీ, ఆ రాత్రి ఇంటికి వచ్చి చాలా బాధపడ్డాను.

తర్వాత నిదానంగా ఆలోచిస్తే తెలిసింది. పార్కింగ్ దగ్గర నేను చేసిన పని నర్సు కానివాళ్ళు కూడా చేయగలరు. అది సేవ. దానికి పద్దు అక్కర్లేదు, అడగకూడదు కూడా. అబ్జర్వేషన్ గదిలో అలా కాదు. ఎవరికైనా కళ్ళు తిరిగితే అది భయం వల్లా, రియాక్షన్ వల్లా అని చూసి చెప్పడానికే నన్ను అక్కడ కూర్చోబెట్టారు. నర్సుగా నాకున్న చదువు, అనుభవం ఆధారంగా చేసిన పని అది. జీతం ఉన్నా లేకపోయినా ప్రాక్టీస్ గంటల్లోకి వస్తుంది. సీపీడీలోకి మాత్రం రాదు. ఆ గదిలోకి వెళ్ళే ముందు అనఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ రియాక్షన్) గురించి మాకు ఇచ్చిన ట్రైనింగ్ సీపీడీలోకి వస్తుంది. ఒకే చోట, ఒకే రోజు, మూడు రకాల గంటలు. నేను మూడింటినీ కలిపి ఒకే మూటగా కట్టేశాను.

ఇప్పుడు ఇంకో రోజు గురించి చెబుతాను. ఇందులో మనిషిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. అలా మార్చడం కూడా మన పనిలో భాగమే కాబట్టి ముందే చెబుతున్నాను.

గుడిలో ఉగాది వేడుక చేసుకున్న ఆదివారం. గుడి హాల్లో ఒక మూల రెండు టేబుళ్ళు వేసి బీపీ, షుగర్ చూస్తున్నాం. నేను, మరో ఇద్దరు నర్సులు, ఒక తెలుగు ఫార్మసిస్ట్. పంచాంగ శ్రవణం అవుతోంది, ఇంకా అరగంట పట్టేలా ఉంది. ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నారు. డెబ్భై దాటిన మనిషి, ఏడాది క్రితం కొడుకు దగ్గరికి వచ్చేశారు. చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. రోజూ షుగర్ చూసుకుని అందులో రాసుకుంటున్నారు. అంత శ్రద్ధ. సాయంత్రాల వరుసలో 72, 68, 64. "నా షుగర్ బ్రహ్మాండంగా కంట్రోల్లో ఉందమ్మా" అన్నారు. పక్కన కోడలు కూడా సంతోషంగా తల ఊపింది.

మా టేబుల్ దగ్గరున్న ఇంగ్లీష్ నర్సుకు ఆ పుస్తకం అర్థం కాలేదు. ఇక్కడ మనం చూసేది మిల్లీమోల్స్‌లో. ఆయన మీటరు ఊరి నుంచి తెచ్చుకున్నది, మిల్లీగ్రాముల లెక్క. 64ని పద్దెనిమిదితో భాగిస్తే మూడున్నర దాటుతుంది, అంతే. నాలుగు కంటే తగ్గకూడదని వార్డులో పాటలా చెప్పుకునే మనం, ఆ అంకె 64 అని కనిపిస్తే ఒక్క క్షణం ఆగిపోతాం. నేను వేలికొన నుంచి చుక్క తీసి చూశాను. 3.6 వచ్చింది. నుదుటి మీద చెమట. పొద్దున మాత్ర వేసుకున్నారా అంటే వేసుకున్నానన్నారు. టిఫిన్ చేశారా అంటే, "ఉగాది పచ్చడి తినకుండా ఏం తింటానమ్మా, పూజ అయ్యాకే" అన్నారు.

జ్యూస్ తాగించాం. పదిహేను నిమిషాలు పక్కనే కూర్చుని మళ్ళీ చూశాం. 4.9కి వచ్చింది, పులిహోర తెప్పించి పెట్టాం. అప్పుడు ఫార్మసిస్ట్ తమ్ముడు, "నాన్నగారూ, ఏ మందులు వాడుతున్నారో చూపిస్తారా" అని అడిగాడు. కోడలు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కవరు తీసింది. ఇక్కడి జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్, రాసిన షుగర్ మందు మెట్‌ఫార్మిన్ డబ్బా ఒకటి. దాంతో పాటు ఊళ్ళో మందుల షాపులో కత్తెరతో కోసి ఇచ్చిన స్ట్రిప్ ముక్కలు. మీకందరికీ తెలుసు ఆ ముక్కలు ఎలా ఉంటాయో. పేరు సగం తెగిపోయి, తేదీ లేకుండా. నాలుగు ముక్కలు పక్కపక్కన పెట్టి, తెగిన అక్షరాలు కలిపి చదివితే గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర. ఆయన రెండూ వేసుకుంటున్నారు. ఇక్కడి డాక్టర్ ఇచ్చింది ఒకటి, "మన డాక్టర్ గారిది" ఒకటి. జీపీకి చెప్పారా అంటే, "వాళ్ళు ఇక్కడి మందుల గురించే అడిగారమ్మా" అన్నారు.

ఆ మాటకు నేను కదిలిపోయాను. ఆయన అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పారు. అడిగే ప్రశ్నలోనే లోపం ఉంది.

ఆదివారం కావడంతో ఎన్‌హెచ్ఎస్ సలహా లైన్ 111కి ఫోన్ చేశాం, మర్నాడు జీపీ దగ్గరికి ఆ ముక్కలతో సహా పంపాం. ఆ రాత్రి నేను ఇక్కడ వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ వాళ్ళ టైప్ 2 డయాబెటిస్ గైడ్‌లైన్ ఎన్‌జీ28 తీసి సల్ఫనైల్‌యూరియాల (గ్లిమెపిరైడ్ లాంటి, షుగర్‌ను మరీ దించేయగల మందుల) గురించిన భాగం మళ్ళీ చదివాను. చదువుతుంటే గుర్తొచ్చింది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు విజయవాడలో ఘాట్ దగ్గర మెడికల్ క్యాంపులో పనిచేశాను. పొద్దున్నే ఏమీ తినకుండా స్నానానికి వచ్చి కళ్ళు తిరిగి పడిన షుగర్ పేషెంట్లు రోజూ వచ్చేవాళ్ళు. చక్కెర నీళ్ళు తాగించి, కాసేపు పడుకోబెట్టి పంపేవాళ్ళం. పన్నెండు రోజుల్లో ఒక్కరిని కూడా ఏ మాత్ర వేసుకున్నారని అడిగిన గుర్తు లేదు నాకు. చివరి రోజు సర్టిఫికెట్ ఇచ్చారు, అమ్మ దాన్ని బీరువాలో దాచింది. పన్నెండు రోజులు కళ్ళ ముందు జరిగిన పాఠం, ఎనిమిదేళ్ళ తర్వాత ఒక పెద్దాయన జేబులోని పుస్తకం చూసేదాకా నాకు ఎక్కలేదు. కారణం ఒక్కటే. అప్పుడు ఎవరూ నన్ను అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

ఇప్పుడు ఆ ఉగాది రోజును పద్దుల్లోకి విడగొడదాం. టేబుల్ దగ్గర కూర్చున్న ఐదు గంటలు ప్రాక్టీస్ గంటలు. దానికి ముందు గురువారం సాయంత్రం ఫార్మసిస్ట్ మాకు గంటన్నర ఆన్‌లైన్‌లో చెప్పిన క్లాసు పార్టిసిపేటరీ సీపీడీ. ఒకే గదిలో కూర్చోవాలని రూలు లేదు, మాట్లాడుకుంటే చాలు. క్యాంపు అయ్యాక టీ తాగుతూ ఏం జరిగిందో నలుగురం ముప్పావుగంట చర్చించాం, అదీ పార్టిసిపేటరీయే. రాత్రి ఒక్కదాన్నే చదివిన రెండు గంటలు సీపీడీ, కానీ పార్టిసిపేటరీ కాదు. వారం తర్వాత కోడలు ఫోన్ చేసి, "మీరు అడిగిన తీరు వల్లే మామయ్య దాచకుండా చెప్పారు" అంది. అది ఫీడ్‌బ్యాక్. నోటిమాటగా వచ్చినదైనా పేర్లు లేకుండా రాసుకుంటే సరిపోతుంది. ఇక ఆ రోజంతా కలిపి ఒక రిఫ్లెక్టివ్ అకౌంట్.

అకౌంట్ ఫారంలో నాలుగే ప్రశ్నలు. ఏం జరిగింది, ఏం నేర్చుకున్నావు, నీ పనిలో ఏం మారింది, అది ఎన్ఎంసీ కోడ్‌కి, అంటే నర్సుల ప్రవర్తనా నియమావళికి, ఎలా సంబంధిస్తుంది. మనవాళ్ళు మొదటి ప్రశ్నకు పేజీ నింపుతారు, మూడోదానికి "ఇంకా జాగ్రత్తగా ఉంటాను" అని ఒక ముక్క రాస్తారు. దయచేసి అలా రాయకండి. నేను మూడోదానికి రాసింది ఇది: "ఇప్పుడు నా వార్డులో దక్షిణాసియా పేషెంటు అడ్మిట్ అయితే, డ్రగ్ హిస్టరీ తీసేటప్పుడు ఊరి నుంచి తెచ్చుకున్నవి, పోస్టులో వచ్చినవి, చుట్టాలు ఇచ్చినవి ఏమైనా వాడుతున్నారా అని విడిగా అడుగుతున్నాను. ఉపవాసాలు ఏ రోజుల్లో ఉంటారో అడుగుతున్నాను. మీటరు ఏ లెక్కలో చూపిస్తుందో చూస్తున్నాను." మా మేనేజర్ అది చదివి ఆ మూడు ప్రశ్నలు మిగతా నర్సులకూ చెప్పమన్నారు. గుడి హాల్లో నేర్చుకున్నది హాస్పిటల్ వార్డులోకి అలా వచ్చింది. 2024లో నా రెండో రివాలిడేషన్‌లో ఆ అకౌంట్ పెట్టాను.

ఇక్కడ కొందరు చెల్లెళ్ళు పిల్లల కోసం ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నారు. మీ గురించి విడిగా చెప్పాలి. ఫుల్ టైమ్ చేసేవాళ్ళకు వారానికి 37.5 గంటల చొప్పున పన్నెండు వారాల్లో 450 గంటలు నిండిపోతాయి. వాళ్ళకు క్యాంపు గంటలు ఆ పద్దులో అవసరమే లేదు. మీకు మాత్రం అవే ఆధారం కావచ్చు. రిజిస్ట్రేషన్ బతికుండగా, నర్సు నైపుణ్యంతో చేసిన వాలంటరీ పని ప్రతి గంటా రాసిపెట్టుకోండి. తేదీ, చోటు, ఏం చేశారు, ఎవరి ఆధ్వర్యంలో. ఎంత కష్టపడి ఓఎస్‌సీఈ ప్రాక్టికల్ పరీక్ష పాసై తెచ్చుకున్న పిన్ అది! నెలకు రెండు ఆదివారాలు రాసుకోలేదన్న కారణంతో పోగొట్టుకున్నవాళ్ళను చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది.

జాగ్రత్తలు రెండు మూడు. ఇండెమ్నిటీ లేకుండా ఎవరి ఒంటి మీదా చెయ్యి వెయ్యకండి. హాస్పిటల్ ఇచ్చే కవర్ హాస్పిటల్ పనికే, గుడి హాలుకు అది రాదు. క్యాంపు పెట్టే సంస్థకు ఇన్సూరెన్స్ ఉందా, అందులో క్లినికల్ పని ఉందా అని కాగితం అడిగి చూడండి. ఇక ఫోటోలు. పెద్దవాళ్ళకు బీపీ చూస్తున్న ఫోటోలు మధ్యాహ్నానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. బీపీ మిషన్ మీద అంకె కూడా కనిపిస్తుంటుంది. ఆపండి. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం, ఎవరైనా నొచ్చుకున్నా సరే చెబుతాను. పార్కింగ్ గంటలను, వడ్డన గంటలను నర్సింగ్ గంటలుగా రాయడమూ అంతే తప్పు. ఎన్ఎంసీ కొందరి కాగితాలు తెప్పించి చూస్తుంది. వాళ్ళు చూడకపోయినా అది తప్పే.

సంఘాల పెద్దలు కూడా ఉన్నారు ఇక్కడ. మీకు నా మనవి ఒకటి. క్యాంపు ముందు గంట ట్రైనింగ్, తర్వాత అరగంట కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు, వచ్చిన ప్రతి నర్సుకూ ఏం పని చేసిందో రాసి సంతకం చేసిన కాగితం. శాలువా కంటే ఆ కాగితం మాకు వెయ్యి రెట్లు ఉపయోగం.

(సభలో ఒకరు: స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్ళం వాలంటీర్‌గా చేయొచ్చా అక్కా?)

చేయొచ్చు తమ్ముడూ. ఆ వీసాలో వాలంటరీ వర్క్‌కి అనుమతి ఉంది. కానీ "వాలంటీర్" అని పేరు పెట్టి చేతిలో డబ్బులు పెడితే అది ఉద్యోగం అవుతుంది. ఆ తేడా చూసుకో.

(మరొకరు: నేను ఫిజియో. మాకూ ఇదేనా?)

మీది హెచ్‌సీపీసీ కదా, ఫిజియోల్లాంటి వృత్తులవాళ్ళ రిజిస్టర్ చూసే కౌన్సిల్. మీకు గంటల లెక్కే లేదు. రెండేళ్ళకోసారి రెన్యూవల్, అప్పుడు ఒక్కో వృత్తిలో 2.5 శాతం మందిని ఎంచి ప్రొఫైల్ అడుగుతారు. సీపీడీ కింద ఏవేవి వస్తాయో వాళ్ళు ఇచ్చిన జాబితాలోనే వాలంటరీ పని ఉంది. కానీ దానివల్ల మీ పని ఎలా మెరుగైంది, పేషెంటుకు ఏం ఒరిగింది అన్నది మీరు రాసి చూపించాలి. గంటలు లేవు కాబట్టి తేలిక అనుకోకండి, ఇంకా బాగా రాయాలి.

(ఇంకొకరు: తిరిగి ఇండియా వెళ్ళిపోతే ఇవన్నీ పనికొస్తాయా?)

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క వేరు, అక్కడ రెన్యూవల్‌కు ఐదేళ్ళకు 150 గంటల సీఎన్ఈ, అంటే నర్సుల నిరంతర శిక్షణ. ఇక్కడి గంటలు అక్కడ వేస్తారని నేను మాట ఇవ్వలేను. కానీ నేను అడగడం మొదలుపెట్టిన ఆ మూడు ప్రశ్నలు గుంటూరులోనూ పనికొస్తాయి. బహుశా అక్కడే ఎక్కువ.

సరే, మాటలు చాలు. వెనక టేబుల్ మీద రిఫ్లెక్టివ్ అకౌంట్ ఫారాలు పెట్టాను, ఎన్ఎంసీ వెబ్‌సైట్‌లో ఉన్నవే. తలా ఒకటి తెచ్చుకోండి. ఈ ఏడాది మీరు చేసిన వాలంటరీ పనిలో ఒక్క మనిషిని గుర్తు తెచ్చుకోండి, పేరు రాయకండి. ముందు తెలుగులో రాసుకోండి, ఇంగ్లీషు తర్వాత చూద్దాం. మొదటి ప్రశ్న వదిలేసి మూడో ప్రశ్న దగ్గర మొదలుపెట్టండి. ఇరవై నిమిషాలు టైమ్. నేను మీ మధ్య తిరుగుతుంటాను, ఎక్కడ ఆగిపోతే అక్కడ చెయ్యి ఎత్తండి.